ప్రపంచం చుట్టే సినిమాలు, డాక్యుమెంటరీలు: ఏది ఎవరితో కూర్చుని చూడాలి?

అరేబియా సముద్రం మీద ఒక కొయ్య పడవ. దుబాయ్‌లో బయల్దేరింది, బొంబాయి చేరాలి. సరంగు, కళాసీలు అందరూ గుజరాత్ వాళ్ళే. వాళ్ళ మధ్య ఒక ఇంగ్లీషాయన ఉన్నాడు. కడుపు పాడై ఒక పూట డెక్ మీదే పడి ఉంటాడు, కోలుకున్న పూట వాళ్ళతో కలిసి తింటాడు, నవ్వుతాడు. ఒక రోజు తన వాక్‌మన్ తీసి, పడవలోని ఒక ముసలి కళాసీ చెవులకు పెట్టాడు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆ ముసలాయన మొహం చూస్తే చాలు.

ఇంగ్లీషాయన పేరు మైకేల్ పాలిన్, పేరున్న హాస్యనటుడు. 1989లో బీబీసీ వేసిన ‘అరౌండ్ ద వరల్డ్ ఇన్ 80 డేస్’ అనే డాక్యుమెంటరీ సిరీస్‌లోది ఈ దృశ్యం. నేను దీన్ని మా అమ్మతో కలిసి చూశాను. అమ్మ పుట్టింది కాకినాడ దగ్గర తాళ్ళరేవులో, కొయ్య ఓడలు కట్టే ఊరు. ఇంగ్లీషు రాదు. తెర మీద పడవ కనపడగానే కుర్చీ ముందుకు జరుపుకుంది. “చెక్కల సందుల్లో దూది కూరి, పైన గుగ్గిలం పూస్తారు, నీళ్ళు రాకుండా. మీ మామయ్య సుత్తి పట్టుకుని పొద్దస్తమానం అదే పని” అని నాకు చెప్పడం మొదలుపెట్టింది. ఎపిసోడ్ అయిపోయాక ఒక్కటే అడిగింది: “ఆ ముసలాయన ఇప్పుడు ఎక్కడున్నాడో?”

అంతకు ముందు వారం ఆమెకి ఇంకో ట్రావెల్ షో పెట్టాను. పన్నెండు దేశాలు, డ్రోన్ షాట్లు, తళతళలాడే బొమ్మ. పావుగంటకే లేచి పప్పు కడగడానికి వెళ్ళిపోయింది.

ప్రపంచ యాత్ర మీద ఏం చూడాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అప్పటి నుంచీ ఒకటే. ఎన్ని దేశాలు చూపించారో లెక్కపెట్టకండి. వాళ్ళు ఏం ఎక్కి వెళ్ళారో చూడండి. విమానంలో వెళ్ళినవాడు ఊళ్ళు చూపిస్తాడు. పడవలోనో, రైల్లోనో, మోటారు సైకిల్ మీదో వెళ్ళినవాడు ఊరికీ ఊరికీ మధ్య ఉన్న లోకాన్ని, అక్కడి మనుషుల్ని చూపిస్తాడు. బండి ఎంత నెమ్మదైతే సినిమా అంత బాగుంటుందని నా నమ్మకం. ఆ తర్వాత చూసుకోవాల్సింది, మీ పక్కన కూర్చునేది ఎవరన్నది.

పాలినా, మోటారు సైకిళ్ళా?

ఎక్కువ మందికి వచ్చే సందేహం ఇదే. ఒకవైపు పాలిన్ సిరీస్, ఇంకోవైపు 2004లో వచ్చిన ‘లాంగ్ వే రౌండ్’. రెండూ ప్రపంచాన్ని చుట్టినవే, రెండింటిలోనూ వెళ్ళింది పేరున్నవాళ్ళే. పోలిక అక్కడితో సరి.

పాలిన్ పెట్టుకున్న నియమం చాలా సింపుల్. జూల్స్ వెర్న్ నవలలో ఫిలియాస్ ఫాగ్ వెళ్ళిన దారిలోనే, ఆ రోజుల్లో లేని విమానం ఎక్కకుండా, ఎనభై రోజుల్లో తిరిగి లండన్ చేరాలి. 1988 సెప్టెంబర్ 25న, నవలలో ఫాగ్ పందెం కాసిన లండన్ రిఫార్మ్ క్లబ్ మెట్లు దిగాడు. వెనిస్, అలెగ్జాండ్రియా, కైరో, జెడ్డా, దుబాయ్, అక్కణ్ణుంచి కొయ్య పడవలో బొంబాయి. బొంబాయి నుంచి మద్రాసుకు రైలు. ఆ లైను మన గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా పోయేదే. మద్రాసులో సరుకు ఓడ ఎక్కి సింగపూర్, తర్వాత హాంకాంగ్, షాంఘై, టోక్యో. పసిఫిక్ ఓడలో దాటి, అమెరికాను రైల్లో దాటి, అట్లాంటిక్ మళ్ళీ ఓడలో దాటి, 79 రోజుల 7 గంటలకు వచ్చేశాడు. తీరా క్లబ్బు గుమ్మం దాకా వస్తే లోపలికి రానివ్వలేదు! కెమెరాతో వచ్చిన ప్రపంచ యాత్రికుడు గుమ్మం బయటే నిలబడిపోయాడు.

ఇందులో నాకు బాగా నచ్చేది, రైలు తప్పిపోతే, ఓడ దొరక్కపోతే పడే టెన్షన్ కెమెరా ముందే పడతాడు. కెమెరా వెనకున్న బృందానికంతటికీ కలిపి నవలలోని నౌకరు పేరే, ‘పాస్‌పార్టూ’ అని పెట్టుకున్నాడు. కనపడని ఆ మనుషులు కూడా తనతోపాటు కష్టపడుతున్నారని మాటిమాటికీ గుర్తుచేస్తాడు. ఆ మర్యాద ఇప్పటి ట్రావెల్ షోలలో తక్కువ.

లోపాలూ ఉన్నాయి. ముప్ఫై ఐదేళ్ళ కిందటి టీవీ బొమ్మ. పెద్ద టీవీలో వేస్తే మసకగా, రెండు పక్కలా నల్లపట్టీలతో వస్తుంది. మొదటి రెండు ఎపిసోడ్లు నిదానం. టైం లేనివాళ్ళు సరాసరి మూడో ఎపిసోడ్‌కి వెళ్ళిపోండి, పడవ ప్రయాణం అందులోనే ఉంది. అది నచ్చితే వెనక్కి వచ్చి మొదటి నుంచి చూడొచ్చు.

‘లాంగ్ వే రౌండ్’ వేరే రుచి. స్టార్ వార్స్ నటుడు యూవన్ మెక్‌గ్రెగర్, అతని స్నేహితుడు చార్లీ బూర్మన్ 2004 ఏప్రిల్ 14న బీఎండబ్ల్యూ బైకుల మీద లండన్ నుంచి తూర్పుకు బయల్దేరారు. యూరప్, ఉక్రెయిన్, రష్యా, కజకిస్తాన్, మంగోలియా, సైబీరియా. రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్ నుంచి అలాస్కాకు మాత్రం విమానం. అక్కణ్ణుంచి కెనడా మీదుగా, జులై 29కి న్యూయార్క్. మూడున్నర నెలలు, దాదాపు 30 వేల కిలోమీటర్లు.

మంగోలియా భాగం ఈ సిరీస్‌కి ప్రాణం. అక్కడ రోడ్డు ఉండదు, బురదలో చక్రాల గాడి మాత్రమే ఉంటుంది. రోజుకు పదిసార్లు పడతారు, లేస్తారు. వాళ్ళతోపాటు మూడో బైకు మీద వస్తున్న కెమెరామన్ క్లాడియో బండి ఫ్రేమ్ విరిగిపోతుంది. ఊరివాళ్ళు వెల్డింగ్ పెట్టి చూస్తారు, లాభం లేక ఒక ఎర్ర రష్యన్ బైకు కొనుక్కుని ముందుకు పోతాడు. ఖరీదైన జర్మన్ బండి ఆగిపోయిన చోట ఆ రష్యన్ బండి నడిచింది. పల్లెటూరి మెకానిక్‌ని నమ్ముకుని బైకు నడిపినవాళ్ళకి ఈ ఘట్టం అర్థమైనట్టు ఇంకెవరికీ కాదు.

కానీ తెలుసుకోవాల్సింది ఒకటుంది. వీళ్ళ వెనక సపోర్ట్ వాహనాలు, డాక్టర్, నిర్మాతలు ఉన్నారు. ఆ సంగతి వాళ్ళు దాచలేదు. మొదట్లో వీసాలు, స్పాన్సర్లు, ట్రైనింగ్ అంటూ ప్రిపరేషనే చాలాసేపు నడుస్తుంది. బైకుల పిచ్చి ఉన్న కుర్రాళ్ళకి అదే పండగ, మిగతావాళ్ళకి ఓపిక కావాలి. బూతులు ధారాళంగా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి వేయకండి.

అమ్మానాన్నలతో, అత్తమామలతో అయితే పాలిన్. ఇంజినీరింగ్ చదివే తమ్ముడితో, లదాఖ్ వెళ్ళాలని కలలు కనే ఫ్రెండ్స్‌తో అయితే లాంగ్ వే రౌండ్. దీనికి తర్వాత భాగాలు ఉన్నాయి. 2007లో స్కాట్లాండ్ నుంచి కేప్‌టౌన్ దాకా ‘లాంగ్ వే డౌన్’, 2020లో ఎలక్ట్రిక్ బైకుల మీద దక్షిణ అమెరికా కొస నుంచి లాస్ ఏంజలెస్ దాకా ‘లాంగ్ వే అప్’, 2025లో ‘లాంగ్ వే హోమ్’. ఏ భాగం దొరికినా, మొదలు మాత్రం మొదటి దానితోనే పెట్టండి. ఆ ఇద్దరి స్నేహం ఎక్కడ బిగుసుకుందో తెలిస్తేనే తర్వాతవి రుచిస్తాయి.

కథ కావాలంటే

డాక్యుమెంటరీ అంటేనే మొహం ముడుచుకునేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళకి వెర్న్ నవల మీద తీసిన కథాచిత్రాలున్నాయి. 1956 నాటిది పెద్దది. డేవిడ్ నివెన్ ఫాగ్‌గా, మెక్సికో హాస్యనటుడు కాంటిన్‌ఫ్లాస్ నౌకరుగా చేశారు. ఉత్తమ చిత్రంతో కలిపి అయిదు ఆస్కార్లు వచ్చాయి. 70 ఎంఎం తెర కోసం తీసింది, దగ్గర దగ్గర మూడు గంటలు. పోస్టర్ల మీద కనిపించే బెలూన్ నవలలో లేదు, ఈ సినిమా వాళ్ళు కలిపిందే.

మనవాళ్ళు చూసేటప్పుడు ఒక చోట మనసు చివుక్కుమంటుంది. బొంబాయి నుంచి కలకత్తా పోయే రైలు, పట్టాలు పూర్తికాలేదని దారిలో ఆగిపోతుంది. ఫాగ్ ఏనుగును కొంటాడు, సతి పేరుతో కాల్చబోతున్న ఔదా అనే యువతిని కాపాడతాడు. ఆ పాత్ర వేసింది షిర్లీ మెక్‌లేన్. నిజానికి సతిని 1829లోనే నిషేధించారు. బొంబాయి, కలకత్తాల మధ్య రైలు మార్గం 1870లోనే జబల్‌పూర్ దగ్గర కలిసిపోయింది, కథ జరిగేదేమో 1872లో. పిల్లలతో చూస్తుంటే అక్కడ ఆపి ఈ ముక్క చెప్పండి. 1869లో సూయజ్ కాలువ, అదే ఏడాది అమెరికాలో రెండు సముద్రాలను కలిపే రైలు, మరుసటి ఏడాది మన దేశంలో ఈ లైను. ఎనభై రోజుల లెక్క పుట్టింది ఈ మూడింటి వల్లే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సోషల్ పుస్తకంలో సూయజ్ గురించి చదివినప్పుడు లేని ఆసక్తి ఆ రోజు దాని కళ్ళల్లో చూశాను.

2004లో జాకీ చాన్ చేసింది పదేళ్ళలోపు పిల్లలకి. ఫైట్లు, హడావుడి, అంతే. 2021లో డేవిడ్ టెనెంట్ చేసిన ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ పెద్దలకి. అందులో ఫాగ్ ధీరుడు కాదు, పిరికిగా మొదలై నేర్చుకునే మనిషి. మూడింటిలో ఒక్కటే చూస్తానంటే నేను ఈ సిరీసే చూడమంటాను.

మన దక్షిణాదిలో చెప్పుకోవాల్సింది ఎంజీఆర్ నటించి, దర్శకత్వం వహించిన తమిళ చిత్రం ‘ఉలగం సుట్రుం వాలిబన్’, 1973లో వచ్చింది. హాంకాంగ్, సింగపూర్, థాయిలాండ్, జపాన్‌లలో తీశారు. ఒసాకాలో జరిగిన ఎక్స్‌పో 70 ప్రదర్శన అందులో ఉంది. ఎమ్మెస్ విశ్వనాథన్ పాటలు. కథ సైంటిస్టు, రహస్య ఫార్ములా తరహాది. దాన్ని పక్కన పెట్టి, విదేశం అంటే మన జనానికి సినిమా హాలే కిటికీగా ఉన్న రోజుల్లో జపాన్ ఎలా కనపడిందో చూడ్డానికి వేసుకోండి. అరవై దాటినవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకే సలహా అక్కర్లేదు.

మాటల్లేనివి: బరాకా, సంసారా

ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు, సబ్‌టైటిల్స్ చదవలేని చిన్నవాళ్ళు ఒకే గదిలో ఉంటే ఏం వేయాలి? రాన్ ఫ్రికీ తీసిన రెండు సినిమాలూ సరిగ్గా దానికి పనికొస్తాయి. 1992లో ‘బరాకా’, 24 దేశాల్లో తీసింది. 2011లో ‘సంసారా’, 25 దేశాల్లో దాదాపు అయిదేళ్ళు తిరిగి తీసింది. రెండూ 70 ఎంఎం ఫిల్మ్ మీద తీసినవే. మాట ఒక్కటి ఉండదు, కింద ఏ ఊరో పేరు కూడా పడదు. దృశ్యం, సంగీతం.

రెండింటిలో ఏది ముందు? బరాకా. మంచులో వేడినీటి గుంటలో కూర్చుని కునుకుతీసే జపాన్ కోతి దగ్గర మొదలై, బాలిలో వందలాది మగవాళ్ళు వలయంగా కూర్చుని చేసే ‘చక చక’ నాదం, కువైట్‌లో తగలబడుతున్న చమురు బావులు, చివరికి కాశీ ఘాట్లు. పొద్దుటి పూట గంగలో మునిగే మనుషుల్ని అంత తీరిగ్గా చూపించిన కెమెరాను నేను ఇంకెక్కడా చూడలేదు. అక్కడే చితి మంటల్ని, కాలుతున్న దేహాన్ని దగ్గర నుంచి చూపిస్తారు. మా అమ్మ కళ్ళు తిప్పుకోలేదు. చేతులు జోడించి కూర్చుంది. చాలాసేపటికి, “మీ నాన్న అస్థికలు కలిపింది ఈ మెట్ల దగ్గరే కదరా” అంది. మీ ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఈ సినిమా ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళు ఆగండి. కోడిపిల్లల ఫ్యాక్టరీ దృశ్యం ఒకటి ఉంది, చిన్నపిల్లలు ఏడుస్తారు.

సంసారాలో బొమ్మ ఇంకా స్పష్టం. లదాఖ్‌లోని థిక్సే మఠంలో బౌద్ధ భిక్షువులు రంగుల ఇసుకతో మండలం వేస్తారు. రేణువు రేణువు రాల్చి, వంగి వంగి వేస్తారు. సినిమా చివర దాన్ని వాళ్ళే చేత్తో చెరిపేస్తారు. మధ్యలో మక్కాలో కాబా చుట్టూ తిరిగే జనసముద్రం, ఫిలిప్పీన్స్ జైల్లో వరసలు కట్టి డ్యాన్స్ చేసే ఖైదీలు, మాంసం ఫ్యాక్టరీలు. అందం ఎక్కువే, కానీ బరాకాలో ఉన్న ఊపిరి నాకు ఇందులో కొంచెం తక్కువనిపించింది. కొత్త 4కే టీవీ కొన్నవాళ్ళు మాత్రం సంసారాతోనే మొదలుపెడతారు, పెట్టనివ్వండి. రెండూ గంటన్నర పైచిలుకు. ఫోన్లు పక్క గదిలో పెట్టి, లైట్లు ఆపి చూడాలి. వంట చేసుకుంటూ చూసే సినిమాలు కావివి.

సముద్రం మీద ఆడపిల్లలు

ఈ భాగం గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. తెరచాప పడవలో భూమి చుట్టిన అమ్మాయిల మీద మూడున్నాయి, మూడూ మూడు దారులు.

‘మెయిడెన్‌ట్రిప్’, 2013. లారా డెకర్ అనే డచ్ అమ్మాయి పదమూడేళ్ళకే ఒంటరిగా ప్రపంచం చుట్టి వస్తానంది. ప్రభుత్వం కోర్టుకెళ్ళి ఆపింది. నెలల తరబడి కేసు నడిచింది, చివరికి లారా గెలిచి బయల్దేరింది. 2012 జనవరి 21న, పదహారేళ్ళ వయసులో, కరీబియన్ దీవి సెయింట్ మార్టెన్‌లో యాత్ర ముగించింది. పడవ పేరు గప్పీ. సముద్రం మీద కెమెరా పట్టుకున్నది ఆమె ఒక్కతే. అందుకే ఆ సినిమా డైరీలా ఉంటుంది. మొదట్లో కెమెరాకు చెయ్యి ఊపే చిన్నపిల్ల, నెలలు గడిచేకొద్దీ మాట తగ్గి, చూపు మారి, ఇంకో మనిషి అవుతుంది. మధ్యలో ఒకరోజు నెదర్లాండ్స్ జెండా దించి, తాను పుట్టిన న్యూజిలాండ్ జెండా ఎగరేస్తుంది. మా అమ్మాయి ఆ సీన్ దగ్గర ఆపమంది. “నాన్నా, వాళ్ళ నాన్న ఎలా ఒప్పుకున్నాడు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పడుకున్నాక కూడా దాని గురించే ఆలోచించాను.

‘ట్రూ స్పిరిట్’, 2023, నెట్‌ఫ్లిక్స్ కథాచిత్రం. ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా వాట్సన్ 2009 అక్టోబర్‌లో సిడ్నీ నుంచి బయల్దేరి ఎక్కడా ఆగకుండా 210 రోజులకు, 2010 మే 15న తిరిగొచ్చింది. మూడు రోజుల తర్వాత ఆమెకు పదిహేడేళ్ళు నిండాయి. సినిమాలో కుటుంబం, కన్నీళ్ళు, తుపాను, అన్నీ కుదురుగా అమర్చి ఉంటాయి. అందరూ కలిసి చూడ్డానికి తేలిక. కానీ పక్కపక్కన పెడితే నాకు మెయిడెన్‌ట్రిప్ ఎక్కువ. అక్కడ లారా విసుక్కుంటుంది, ఇక్కడ జెస్సికాను ఎవరూ విసుక్కోనివ్వలేదు.

మూడోది మనది. నేషనల్ జియోగ్రాఫిక్ 2019లో వేసిన ‘తారిణి’. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు, వాళ్ళ నాయకురాలు వర్తికా జోషి, 17 మీటర్ల తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్స్, కేప్‌టౌన్ మీదుగా 254 రోజులకు, 2018 మే 21న గోవాకే చేరారు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటారు. తిరిగొచ్చేటప్పుడు చుక్కాని వ్యవస్థ పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మనమ్మాయిలు: విశాఖపట్నం నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. ఈ సంగతి మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? నేను అడిగిన పదిమందిలో ఒక్కరు చెప్పారు. స్కూళ్ళలో ఆగస్టు 15న ఏదో ఒక సినిమా వేస్తారు కదా, ఇది వేయండి. ఆ తర్వాత 2024 అక్టోబర్‌లో అదే పడవ మీద ఇద్దరే ఇద్దరు, దిల్నా, రూప, బయల్దేరి 2025 మేలో తిరిగొచ్చారు.

పిల్లలతో అయితే ముందు తారిణి, తర్వాత మెయిడెన్‌ట్రిప్. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వాళ్ళయితే ట్రూ స్పిరిట్ చాలు.

సముద్రం గురించి పెద్దవాళ్ళు ఒంటరిగా చూడాల్సింది వేరే ఉంది. 1968లో ఒక బ్రిటిష్ పత్రిక, ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టేవాళ్ళకి పందెం పెట్టింది. తొమ్మిది మంది వెళ్ళారు. పూర్తిచేసింది రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే, 312 రోజులు. ఆయన పడవ సుహైలి, మన బొంబాయిలో టేకు కర్రతో కట్టింది. అదే పందెంలో డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే చిన్న వ్యాపారి అప్పుల్లో మునిగి, సరిగ్గా తయారుకాని పడవలో వెళ్ళి, సౌత్ అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ ప్రపంచం చుట్టేస్తున్నానని తప్పుడు లెక్కలు పంపాడు. 1969 జులైలో పడవ దొరికింది, మనిషి దొరకలేదు. నాక్స్-జాన్‌స్టన్ తనకొచ్చిన 5 వేల పౌండ్ల బహుమతిని క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు.

దీని మీద 2006లో ‘డీప్ వాటర్’ అనే డాక్యుమెంటరీ, 2018లో కోలిన్ ఫర్త్ నటించిన ‘ద మెర్సీ’ వచ్చాయి. ఎంచుకోవడానికి తడుముకోవాల్సిన పని లేదు. డీప్ వాటర్. అందులో క్రోహర్స్ట్ స్వయంగా పడవ మీద తీసుకున్న ఫిల్మ్, రికార్డు చేసుకున్న గొంతు ఉన్నాయి. నటుడు ఎంత గొప్పవాడైనా ఆ గొంతు ముందు నిలబడలేడు. రాత్రి పూట చూస్తే నిద్ర పట్టదు, మధ్యాహ్నం చూడండి.

డబ్బు లేకుండా

పైన చెప్పినవాళ్ళందరి వెనక ఎవరో ఒకరు ఉన్నారు. బీబీసీ, స్పాన్సర్, నౌకాదళం. “మనలాంటివాళ్ళు వెళ్ళగలరా?” అని అడిగేవాళ్ళకి రెండు చెబుతాను.

‘వైట్’, 2017, జర్మన్ డాక్యుమెంటరీ. దూరం అని అర్థం. ఒక యువ జంట ఫ్రైబర్గ్‌లోని ఇంటి నుంచి తూర్పుకు బయల్దేరి, విమానం ఎక్కకుండా, లిఫ్టులు అడుగుతూ, సముద్రాలను ఓడల్లో దాటుతూ, మూడేళ్ళ పైన తిరిగి పడమటి వైపు నుంచి ఇంటికి చేరారు. దారిలో పాకిస్తాన్, ఇండియా ఉన్నాయి. మెక్సికోలో బాబు పుట్టాడు. వెళ్ళింది ఇద్దరు, వచ్చింది ముగ్గురు. పెళ్ళైన కొత్తలో చూడాల్సిన సినిమా.

రెండోది మలయాళంలో ఒక చిన్న డాక్యుమెంటరీ, ‘ఇన్విజిబుల్ వింగ్స్’, 2018, హరి ఎం. మోహనన్ తీశారు. కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అని టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతుల కథ. రోజుకు మూడొందలు పక్కన పెట్టి, సరిపోనిది అప్పు చేసి వెళ్ళి, తిరిగొచ్చి ఆ అప్పు తీర్చి, మళ్ళీ వెళ్ళారు. అలా పాతికకు పైగా దేశాలు చూశారు. 2021 నవంబర్‌లో విజయన్ పోయారు. ఆ సినిమాలో ఆయన గ్లాసులు కడుగుతూ మాట్లాడుతుంటే, వెనక గోడ మీద ప్రపంచం అంతా ఉందనిపిస్తుంది. ఇంత చిన్న సినిమా నన్ను కదిలించినట్టు ఏ మూడు గంటల సినిమా కదిలించలేదు.

కేరళ వాళ్ళదే ఇంకో ముచ్చట. సంతోష్ జార్జ్ కులంగర ‘సంచారం’ పేరుతో 2001 నుంచి ఏషియానెట్‌లో తన యాత్రలు చూపించారు, తర్వాత సఫారీ అనే చానెలే పెట్టారు. ఒక్కడే వెళ్ళి, ఒక్కడే తీసి, తన భాషలో చెప్పాడు. తెలుగులో అలాంటి పని టీవీ చేయలేదు, యూట్యూబ్ కుర్రాళ్ళు చేస్తున్నారు. నేను వాళ్ళ వీడియోలు ఇష్టంగా చూస్తాను. వీసాకి ఎంతైంది, హాస్టల్లో మంచం ఎంత, ఇండియన్ పాస్‌పోర్ట్ చూసి ఇమిగ్రేషన్‌లో ఏం అడిగారు, ఇవన్నీ పాలిన్ చెప్పడు, వీళ్ళే చెబుతారు, అదీ మన యాసలో. అయితే రోజూ వీడియో పెట్టాలన్న ఒత్తిడి వాళ్ళ చూపును తొందరపెడుతుంది. ఎదుటి మనిషి ఏం చెప్పాడో వినేలోపే ఇంకో ఊరు. టికెట్ బుక్ చేసుకునే ముందు వ్లాగు చూడండి. అసలు ఎక్కడికి, ఎందుకు వెళ్ళాలో తేల్చుకోవడానికి మాత్రం డాక్యుమెంటరీ.

దొరకడం గురించి ఒక మాట. ట్రూ స్పిరిట్ నెట్‌ఫ్లిక్స్‌దే, లాంగ్ వే అప్, లాంగ్ వే హోమ్ ఆపిల్ టీవీవే. మిగతావి ఇవాళ ఒక చోట, రేపు ఒక చోట ఉంటాయి కాబట్టి పేరు కొట్టి వెతుక్కోవాల్సిందే. పెట్టేముందు సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఇంగ్లీషు రానివాళ్ళు పక్కన ఉంటే మధ్యమధ్యలో ఆపి చెప్పండి. ఆపితే సినిమా చెడుతుందని భయపడకండి. మా ఇంట్లో సగం ఆనందం ఆ ఆపిన చోటే వచ్చింది.

పాలిన్ సిరీస్ చూసినవాళ్ళు దాని తోక కూడా వెతకండి. ఇరవై ఏళ్ళ తర్వాత, 2008లో, బీబీసీ కోసమే పాలిన్ ఆ కొయ్య పడవ మనుషుల్ని వెతుక్కుంటూ మళ్ళీ మన దేశం వచ్చాడు, గుజరాత్ తీరానికి వెళ్ళాడు. ఆ సంగతి చెప్పగానే అమ్మ, “అయితే కనపడ్డారా?” అంది. చెప్పలేదు. వచ్చే ఆదివారం భోజనాలయ్యాక పెడతానన్నాను.